యానాం వంతెనకి అటు ఒక రేటు, ఇటు ఒక రేటు: పెట్రోల్ డీజిల్ పన్నుల మీద బహిరంగ లేఖ

గౌరవనీయులైన ముఖ్యమంత్రి నారా చంద్రబాబు నాయుడు గారికి, రాష్ట్ర ఆర్థిక మంత్రి పయ్యావుల కేశవ్ గారికి,
కేంద్ర ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ గారికి, పెట్రోలియం మంత్రి హర్దీప్ సింగ్ పురి గారికి,

నమస్కారం అండి. నేను కోనసీమలో చిన్న గూడ్స్ బండి నడుపుకుని బతికేవాడిని, బండి నాదే, డ్రైవర్ని కూడా నేనే. అంబాజీపేట మార్కెట్‌కి కొబ్బరికాయలు, మిల్లులకి ధాన్యం బస్తాలు, పెళ్ళిళ్ళ సీజన్లో షామియానా సామాన్లు, ఏది దొరికితే అది వేసుకెళ్తాం. నాలాంటి వాళ్ళం కొంతమందిమి కలిసి డీజిల్ రేటు మీద జిల్లాలో ఒక ఆఫీసులో అర్జీ ఇచ్చాం. కొన్నాళ్ళకి ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, సమస్య పరిష్కరించబడినది అని. ఏం పరిష్కరించారు అని వెళ్ళి అడిగితే "ఇది మా పరిధిలోది కాదండి, కేంద్రం చూసుకోవాలి" అన్నారు. కేంద్రంలో ఉన్న పార్టీ వాళ్ళని అడిగితే "వ్యాట్ (అమ్మకం పన్ను) మీ రాష్ట్రం వేస్తోంది కదా, వాళ్ళని అడగండి" అంటున్నారు. అందుకే నలుగురికీ కలిపి ఒకటే ఉత్తరం రాస్తున్నాను, ఒకరి మీద ఒకరు చెప్పుకోకుండా ఉంటారని.

ముందే ఒక మాట చెప్పేస్తాను, ఇది ఏ పార్టీ తరఫునా రాసింది కాదు. ఈ పన్నులు వేసింది ఒక పార్టీ కాదు, తీయకుండా ఉంచింది కూడా ఒక పార్టీ కాదు, ఆ లెక్క కిందికి వస్తే మీకే కనిపిస్తుంది.

మా ఊరి నుంచి ముమ్మిడివరం మీదుగా ఎదుర్లంక వెళ్ళి గోదావరి వంతెన దాటితే యానాం. అదే గోదావరి, అదే భాష, పిల్లనిచ్చిన వాళ్ళూ పిల్లని తెచ్చుకున్న వాళ్ళూ అటూ ఇటూ ఉంటారు. ఫ్రెంచి వాళ్ళు 1954లో వెళ్ళిపోయారు గానీ ఆ ఊరు పుదుచ్చేరి కింద ఉంది కాబట్టి అక్కడ వ్యాట్ వేరు. మాకు పెట్రోల్ మీద 31 శాతం అయితే వాళ్ళకి 20 శాతం లోపే. దాంతో లీటరుకి పది రూపాయల పైనే తేడా. ఆదివారం సాయంత్రం వెళ్ళి చూడండి, యానాం బంకుల దగ్గర ఏ నంబరు ప్లేట్లు నిలబడి ఉంటాయో. అన్నీ ఏపీ బండ్లే. వంతెనకి ఇవతల బంకు పెట్టుకున్నాయన మాత్రం కుర్రాళ్ళకి జీతాలెలా ఇవ్వాలా అని కూర్చుంటాడు. యానాం బంకుల్లోకి వచ్చే పెట్రోల్ ఏమైనా స్వర్గం నుంచి దిగుతోందా అండి? అవే కంపెనీలు, అదే సరుకు, మధ్యలో మారింది పన్ను ఒక్కటే.

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. నేను పెద్ద చదువులు చదవలేదు గానీ కిరాయి లెక్క కట్టేవాడికి కూడికలూ తీసివేతలూ వస్తాయి కదా.

ఇవి 2025 నాటి రేట్లు. లీటరు డీజిల్ 97 రూపాయలు, అటూ ఇటూ అనుకోండి. అందులో కేంద్రం ఎక్సైజ్ 17 రూపాయల 80 పైసలు. రాష్ట్రానిది 22.25 శాతం వ్యాట్, దాని మీద అదనపు వ్యాట్ అని లీటరుకి ఇంకో 4 రూపాయలు, ఆ మీద రోడ్డు అభివృద్ధి సెస్సు అని 1 రూపాయి, ఆ రూపాయి సెస్సు మీద మళ్ళీ వ్యాట్. ఇంకో విషయం, రాష్ట్రం వేసే శాతం డీజిల్ అసలు రేటు మీద మాత్రమే కాదు, కేంద్రం ఎక్సైజ్ కూడా కలిపాక వచ్చిన మొత్తం మీద. అంటే పన్ను మీద పన్ను, దాని మీద సెస్సు, ఆ సెస్సు మీద పన్ను. అన్నీ కలిపితే నా లెక్కలో రాష్ట్రానికి సుమారు 22 రూపాయలు, కేంద్రానికి దగ్గర దగ్గర 18, మొత్తం 40 రూపాయలు. పెట్రోల్ అయితే 109 పైన ఉంది కాబట్టి అందులో రాష్ట్రానికి సుమారు 30, కేంద్రానికి 21 రూపాయల 90 పైసలు. సగానికి కాస్త తక్కువ పన్నే. తెలంగాణ వాళ్ళది ఇంకో రకం, పెట్రోల్ మీద 35.20 శాతం, డీజిల్ మీద 27 శాతం, అదనపు వ్యాట్ అని పేరు లేదు గానీ శాతంలోనే అంతా ఉంది. వాళ్ళ బాధ వాళ్ళు రాసుకుంటారు.

పది రూపాయల బిస్కెట్ ప్యాకెట్ కొన్నా బిల్లులో జీఎస్టీ ఎంతో రాసి ఉంటుంది. హోటల్లో టిఫిన్ తిన్నా సీజీఎస్టీ ఎస్‌జీఎస్టీ అని విడివిడిగా వస్తుంది. మూడు వేల రూపాయల డీజిల్ కొట్టించుకుంటే బంకు బిల్లు మీద మాత్రం లీటర్లు, రేటు, మొత్తం, థాంక్యూ విజిట్ అగైన్. అంతే. పన్నెంతో ఎందుకు రాయరు? రాస్తే ఏమవుతుందో మీకూ తెలుసు మాకూ తెలుసు.

క్రూడ్ (ముడి చమురు) రేటు అంతర్జాతీయ మార్కెట్‌లో ఉంటుంది, మా చేతిలో లేదు అని ప్రతిసారీ చెప్తారు. నిజమే, మనకి కావల్సిన క్రూడ్‌లో నూటికి 85 పైగా బయట నుంచే వస్తుంది, కాదనడం లేదు. అయితే క్రూడ్ పెరిగినప్పుడు మాత్రమే ఆ మాట గుర్తొస్తుంది, తగ్గినప్పుడు గుర్తు రాదు. 2010లో పెట్రోల్ మీద, 2014 అక్టోబర్‌లో డీజిల్ మీద కంట్రోల్ తీసేశారు, ఇకనుంచి మార్కెట్ రేటే అన్నారు, 2017 జూన్ నుంచి రోజూ పొద్దున్నే రేటు మారుద్ది అన్నారు. బాగానే ఉంది. మరి 2014 చివర్లో క్రూడ్ పడిపోవడం మొదలయ్యాక ఏం చేశారు? 2014 నవంబర్ నుంచి 2016 జనవరి లోపు తొమ్మిది సార్లు ఎక్సైజ్ పెంచారు. 2014లో పెట్రోల్ మీద 9 రూపాయల 48 పైసలు, డీజిల్ మీద 3 రూపాయల 56 పైసలు ఉన్న ఎక్సైజ్, 2020 మే నాటికి పెట్రోల్ మీద 32 రూపాయల 98 పైసలు, డీజిల్ మీద 31 రూపాయల 83 పైసలు అయ్యింది. ఆ మే నెల ఎలాంటి నెలో గుర్తుందా అండి, లాక్‌డౌన్, బండి తాళం తీస్తే పోలీసులు ఆపేవాళ్ళు, ప్రపంచంలో క్రూడ్‌ని కొనే దిక్కు లేదు, ఏప్రిల్‌లో అమెరికాలో ఒకరోజు రేటు సున్నా కన్నా కిందకి కూడా పోయింది. అలాంటప్పుడు ఒకే రాత్రి డీజిల్ మీద 13 రూపాయలు పెంచారు. 2014-15లో పెట్రోలియం మీద కేంద్రానికి వచ్చిన ఎక్సైజ్ సుమారు 99 వేల కోట్లు, 2020-21లో 3.7 లక్షల కోట్ల పైన. ఊళ్ళో పనుల్లేక జనం పస్తులున్న ఏడాదిలో.

తర్వాత తగ్గించారు, అది కూడా చెప్పాలి. 2021 నవంబర్‌లో పెట్రోల్ మీద 5, డీజిల్ మీద 10. 2022 మేలో 8, 6. సంతోషం. అయితే 2022 మార్చి ఆఖర్లో రెండు వారాల్లో పది రూపాయలు పెంచాక జరిగిన తగ్గింపు అది, ఐదు రాష్ట్రాల ఎలక్షన్లు అయ్యేదాకా నాలుగు నెలల పైన కదలని రేటు కౌంటింగ్ అయిన తర్వాతే ఎందుకు కదిలిందో అడిగితే రాజకీయం అంటారు. రోజూ మారాల్సిన రేటు 2022 ఏప్రిల్ నుంచి మళ్ళీ ఆగిపోయింది. 2024 మార్చిలో, పార్లమెంట్ ఎన్నికల షెడ్యూల్ రావడానికి ఒకటి రెండు రోజుల ముందు, 2 రూపాయలు తగ్గింది. 2025 ఏప్రిల్‌లో క్రూడ్ బాగా దిగింది, ఇప్పుడైనా తగ్గుద్దేమో అనుకున్నాం. అదే నెల 8వ తేదీ నుంచి కేంద్రం ఎక్సైజ్ 2 రూపాయలు పెంచింది, బంకులో రేటు పెరగదు కంగారు పడొద్దు అని చెప్పింది. పెరగలేదు నిజమే. తగ్గాల్సింది మాత్రం మీ ఖాతాలోకి వెళ్ళిపోయింది.

కంపెనీలకి నష్టాలొచ్చాయి కదా అని కూడా అంటారు. 2022లో రేటు పెంచకుండా నష్టానికి అమ్మారు, ఒప్పుకుంటాం. ఆ తర్వాత 2023-24లో మూడు ప్రభుత్వ ఆయిల్ కంపెనీలకీ కలిపి వచ్చిన లాభం 80 వేల కోట్ల పైమాటే. రష్యా నుంచి చౌకగా క్రూడ్ తెచ్చుకున్నాం, దేశానికి లాభం అని టీవీల్లో గొప్పగా చెప్పారు. ఆ చౌక మా బంకు దాకా రాలేదండి, ఎక్కడ దిగిపోయిందో మీరే చెప్పాలి.

ఇక రాష్ట్రం సంగతి. లీటరుకి 4 రూపాయలు అదనపు వ్యాట్ 2015లో మొదలైంది, కొత్త రాష్ట్రం, ఆదాయం లేదు, రాజధాని కట్టుకోవాలి అన్నారు, జనం కూడా సరే అనుకున్నారు. 2018 సెప్టెంబర్‌లో చంద్రబాబు గారే 2 రూపాయలు తగ్గించారు. తర్వాత వచ్చిన ప్రభుత్వం 2020లో మళ్ళీ 4 చేసింది, అది చాలదన్నట్టు రూపాయి రోడ్డు సెస్సు కలిపింది, ఆ రూపాయి ఆదాయం చూపించి రోడ్లకని అప్పు కూడా తెచ్చింది. 2021 నవంబర్‌లో కేంద్రం తగ్గించినప్పుడు చాలా రాష్ట్రాలు వాళ్ళ వ్యాట్ కూడా తగ్గించాయి, మన రెండు తెలుగు రాష్ట్రాలూ తగ్గించలేదు. 2022 ఏప్రిల్‌లో ప్రధానమంత్రి ముఖ్యమంత్రుల మీటింగ్‌లో పేర్లు పెట్టి మరీ అడిగారు, ఆ లిస్టులో ఆంధ్రప్రదేశ్ ఉంది, తెలంగాణ ఉంది. 2024లో మళ్ళీ ప్రభుత్వం మారింది, ఇప్పుడు కేంద్రంలో రాష్ట్రంలో ఒకటే కూటమి, మరి 31 శాతమూ 4 రూపాయలూ సెస్సూ ఎక్కడివక్కడే ఉన్నాయి. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు ఎడ్లబండి ఎక్కి పెట్రోల్ రేట్ల మీద ధర్నా చేయని పార్టీ మన దగ్గర ఏదైనా ఉందా అండి?

రాష్ట్రం వాళ్ళు చెప్పేదాంట్లో ఒక న్యాయం ఉంది, అది కూడా చెప్పకపోతే తప్పు. 2025 లెక్కలో పెట్రోల్ మీద కేంద్రం తీసుకునే 21 రూపాయల 90 పైసల్లో రాష్ట్రాలతో పంచుకోవాల్సింది బేసిక్ ఎక్సైజ్ ఒక్కటే, అది 1 రూపాయి 40 పైసలు. మిగతాదంతా ప్రత్యేక అదనపు ఎక్సైజ్, వ్యవసాయ మౌలిక సదుపాయాల సెస్సు, రోడ్డు సెస్సు అని పేర్లు పెట్టారు, వాటిలో పంపకం లేదు. ఆ రూపాయి నలభైలో 41 శాతం అంటే 57 పైసలు దేశంలో ఉన్న రాష్ట్రాలన్నిటికీ కలిపి. అందులో మన రాష్ట్రం వాటా 2025-26 దాకా 4.047 శాతం. కట్టి చూడండి, లీటరుకి రెండు పైసల చిల్లర వస్తుంది. రోడ్డు సెస్సులో కొంత స్కీముల రూపంలో తిరిగొస్తుంది లెండి, అయినా నిర్మలమ్మ గారూ, మీరు మా నరసాపురం కోడలు, ఆ ఊరు మాకు వశిష్ఠ గోదావరి దాటితే వచ్చేస్తుంది, అత్తారింటి రాష్ట్రానికి లీటరుకి రెండు పైసలు అంటే బాగుంటుందా?

అందుకని రాష్ట్రం మా మీద వ్యాట్ వేస్తుంది. కేంద్రం ఇవ్వలేదని రాష్ట్రం, రాష్ట్రం తగ్గించలేదని కేంద్రం. మీ ఇద్దరి మధ్య ఈ తగువు ఎప్పటికి తీరుద్దో గానీ ఇద్దరికీ రోజూ కట్టేది మేమే. దానివల్ల ఏం జరుగుతోందో ఒక్కొక్కటి రాస్తున్నాను.

1. కొబ్బరి రైతు. కాయ రేటు వెయ్యి కాయలకి ఇంత అని చెప్తారు. దింపు కూలి పోను, ఒలుపు పోను, తోట నుంచి మార్కెట్‌కి నా బండి కిరాయి పోను, ఇక్కడ నుంచి గుజరాత్, మహారాష్ట్ర, ఉత్తరాదికి వెళ్ళే లారీ కిరాయి కూడా లెక్క వేసుకుని వ్యాపారి రేటు కడతాడు. డీజిల్ పెరిగితే వ్యాపారి తన జేబులోంచి ఇవ్వడు, అక్కడ కొనేవాడూ ఇవ్వడు, తిరిగి తిరిగి తోట యజమాని దగ్గరికే వస్తుంది. నేను కిరాయి వంద పెంచితే రైతు నన్ను తిడతాడు. తిట్టాల్సింది నన్ను కాదని ఆయనకి తెలియదు, ఎందుకంటే బిల్లు మీద పన్ను రాయలేదు.

2. వరి రైతు, ఆక్వా రైతు. దమ్ముకి ట్రాక్టర్, కోతకి మిషన్, ధాన్యం తోలడానికి మళ్ళీ ట్రాక్టర్, అన్నీ గంటల లెక్క, ఆ గంట రేటులో సగం డీజిలే. కోత మిషన్ వాళ్ళు సీజన్‌కి సీజన్‌కి రేటు పెంచడం తప్ప దించడం నేను చూడలేదు. చెరువు వాళ్ళకి కరెంట్ పోతే ఏరియేటర్లు (చెరువు నీళ్ళకి గాలి ఆడించే మిషన్లు) ఆగకూడదు, ఆగితే తెల్లారేసరికి రొయ్య తేలిపోద్ది, కాబట్టి జనరేటర్, దానికి డీజిల్. ఎరువుకి సబ్సిడీ, విత్తనానికి సబ్సిడీ అని ఇస్తారు, పొలంలో తిరిగే డీజిల్ మీద మాత్రం లీటరుకి 40 రూపాయలు తీసుకుంటారు.

3. ఆటో వాళ్ళు. దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను ఎందుకంటే లెక్క చూసి నాకే నమ్మబుద్ధి కాలేదు. 2025 ఆగస్ట్ 15 నుంచి ఆడవాళ్ళకి ఫ్రీ బస్సు పెట్టారు, మంచిదే, మా ఇంట్లో వాళ్ళు కూడా ఎక్కుతున్నారు. ఆటోలకి బేరాలు తగ్గాయి అని గొడవైతే అక్టోబర్‌లో ఆటో డ్రైవర్ల సేవలో అని ఏడాదికి 15,000 రూపాయలు ఖాతాలో వేశారు. ఫోటోలు, ఖాకీ చొక్కాలు, సభలు, అన్నీ అయ్యాయి. ఇప్పుడు చూడండి, ఒక ప్యాసింజర్ ఆటో రోజుకి 4 లీటర్ల డీజిల్ తాగుతుందనుకుందాం. లీటరుకి రాష్ట్రం పన్ను 22 చొప్పున రోజుకి 88 రూపాయలు. ఏడాదిలో 300 రోజులు తిప్పితే 26,400. కేంద్రానికి ఇంకో 21 వేల పైన. అంటే 26 వేలు మీరు తీసుకుని అందులోంచి 15 వేలు తిరిగి ఇచ్చి సభ పెట్టారు! ఆ ఆటోవాడు స్టేజి ముందు కూర్చుని చప్పట్లు కొట్టాడు, వాడిని అనను, వాడికి ఎవరూ చెప్పలేదు.

4. వేటకెళ్ళే వాళ్ళు. బోట్లకి డీజిల్ మీద లీటరుకి 9 రూపాయల సబ్సిడీ ఉంది. రాష్ట్రం తీసుకునేది 22, ఇచ్చేది 9. అది కూడా రిజిస్ట్రేషన్ ఉన్న బోటుకి, నెలకి ఇన్ని లీటర్లని పరిమితితో. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, మిగతా నెలల్లో తుఫాన్లు. చేపలు దగ్గర్లో దొరకకపోతే బోటు ఇంకా దూరం వెళ్ళాలి, దూరం వెళ్తే డీజిల్. వల ఖాళీగా వచ్చినా పన్ను మాత్రం బయల్దేరే ముందే కట్టేశాడు.

5. నాలాంటి చిన్న బండ్ల వాళ్ళు. నెలకి సుమారు 300 లీటర్లు కొట్టిస్తే 12,000 పన్ను. ఫైనాన్స్ వాయిదా ఒకటి, ఈ పన్ను ఇంకో వాయిదా. 2025 సెప్టెంబర్ 22 నుంచి గూడ్స్ బండ్ల మీద, ఆటోల మీద జీఎస్టీ 28 నుంచి 18కి తగ్గించారు, పండగ అన్నారు. కొత్త బండి కొనేవాడికి పండగే, ఒక్కసారి. కొన్న తర్వాత పదేళ్ళు ఆ బండికి తాగించేదాని మీద ఒక్క పైసా తగ్గలేదు.

6. ఉప్పూ పప్పూ. ఇది అందరికీ తెలిసిందే, మదనపల్లి టమాటా కోనసీమకి రావాలన్నా, కోనసీమ అరటి గెల హైదరాబాద్ వెళ్ళాలన్నా లారీయే. బండి లేనివాడు కూడా ఈ పన్ను కడుతున్నాడు, కూర వండుకున్న ప్రతిసారీ.

7. రాష్ట్రానికే నష్టం. కర్ణాటకలో డీజిల్ మనకన్నా తక్కువ, 2024లో ఒకసారి 2025లో ఒకసారి వాళ్ళు పెంచిన తర్వాత కూడా తక్కువే. దూరం లారీలు అక్కడే ట్యాంకు ఫుల్ చేసుకుని మన రాష్ట్రం దాటేస్తాయి, మూడు నాలుగు వందల లీటర్ల ట్యాంకు అయితే ఒక్క ట్రిప్పుకి రెండు వేలు మిగులుద్ది, ఎవడు మానుకుంటాడు? అనంతపురం, చిత్తూరు బోర్డర్ బంకుల వాళ్ళని అడగండి, యానాం పక్కనున్న బంకుల వాళ్ళని అడగండి. రేటు ఎక్కువ పెట్టి అమ్మకం పోగొట్టుకోవడం ఏ వ్యాపారి అయినా చేస్తాడా?

మాకు ఇంకా మండేది ఎక్కడంటే, ఈ ఆయిల్, గ్యాస్ మా కాళ్ళ కింద ఉంది. కేజీ బేసిన్ (కృష్ణా గోదావరి బేసిన్) అని దేశమంతా అంటుందే అది మేమే. 1995 జనవరిలో పాశర్లపూడిలో గ్యాస్ బావి పేలి రెండు నెలల పైన మండింది, ఆ మంట చూసిన వాళ్ళు మా ఇళ్ళల్లో ఇంకా ఉన్నారు. 2014 జూన్ 27 తెల్లవారుజామున మా జిల్లాలోనే నగరం అనే ఊళ్ళో గ్యాస్ పైప్‌లైన్ పేలి ఇళ్ళల్లో నిద్రపోతున్న వాళ్ళు కాలిపోయారు, 20 మందికి పైగా పోయారు. 2024 జనవరిలో కాకినాడ తీరానికి దూరంగా సముద్రంలో కొత్త బ్లాకు నుంచి ఆయిల్ మొదలైందని ప్రకటించారు. విశాఖలో రిఫైనరీ 1957 నుంచి ఉంది, దాన్ని ఇప్పుడు ఏడాదికి కోటీ యాభై లక్షల టన్నుల దాకా పెంచారు, ఆ పొగ పీల్చేది మల్కాపురం జనం. తవ్వేది ఇక్కడ, శుద్ధి చేసేది ఇక్కడ, పేలితే పోయేది ఇక్కడి వాళ్ళు, దేశంలో ఎక్కువ రేటు పెట్టి కొనేవాళ్ళలో కూడా మేమే ముందున్నాం. ఇదేం పాలసీ అండి? సీఎన్‌జీకి మారండి చౌక అంటారు, మారదామంటే స్టేషన్లు తక్కువ, క్యూ పెద్దది, కిట్టు ఖర్చు వేరే.

ఇథనాల్ గురించి కూడా ఒక మాట. 2025కల్లా పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ కలిపేశారు, చెరకు మొక్కజొన్న రైతుకి లాభం, డాలర్లు మిగులుతాయి అన్నారు. రైతుకి లాభమైతే మేము అడ్డం కాదు. అయితే పాత బండ్లకి మైలేజీ తగ్గుతుందని 2021లో నీతి ఆయోగ్ రిపోర్టులోనే ఉంది, పాత డిజైన్ కార్లకి 6-7 శాతం, టూవీలర్లకి 3-4 శాతం దాకా అని. లీటరుకి దూరం తగ్గినప్పుడు లీటరు రేటు కూడా తగ్గాలి కదా? తగ్గలేదు. కలపనిది కావాలంటే మామూలు రేటుకి దొరకదు. మా ఊళ్ళో పదిహేనేళ్ళ నాటి టీవీఎస్ మీద పాలు పోసే ఆయన ఏం చేయాలి, కొత్త బండి కొనుక్కోవాలా?

కాబట్టి మేము అడిగేవి ఇవి. పన్నులు పూర్తిగా ఎత్తేయమని అడగట్లేదు, పెన్షన్లు ఎక్కడ నుంచి ఇస్తారు, జీతాలు ఎక్కడ నుంచి ఇస్తారు అని మమ్మల్ని ఎదురు అడగకండి, మాకూ తెలుసు.

1. ప్రతి బంకు బిల్లు మీద అసలు రేటు, డీలర్ కమిషన్, కేంద్రం పన్ను, రాష్ట్రం పన్ను, సెస్సులు విడివిడిగా తెలుగులో ప్రింట్ అవ్వాలి. దీనికి బడ్జెట్ అక్కర్లేదు, మిషన్‌లో సాఫ్ట్‌వేర్ మారిస్తే చాలు. వచ్చే నెల నుంచే చేయొచ్చు.

2. రాష్ట్రం లీటరుకి 4 రూపాయల అదనపు వ్యాట్ తీసేయాలి. రెండిటి మీదా ఒకేసారి కుదరదంటే ముందు డీజిల్ మీద తీయండి, పెట్రోల్ తర్వాత చూద్దాం. సెస్సు మీద వ్యాట్ మాత్రం వెంటనే పోవాలి, దాన్ని ఏ రకంగానూ సమర్థించలేరు.

3. రూపాయి రోడ్డు సెస్సు మొదలైన దగ్గర నుంచి ఎంత వచ్చింది, ఏ జిల్లాలో ఏ రోడ్డుకి ఎంత పెట్టారు, తెచ్చిన అప్పు ఎంత తీరింది, అంతా వెబ్‌సైట్‌లో పెట్టండి. మా రోడ్ల మీద కమాను పట్టీలు విరిగి, టైర్లు పోయి మేము పెట్టే ఖర్చు వేరే ఉంది, దానికి సెస్సు ఎవరిస్తారో తర్వాత మాట్లాడుకుందాం.

4. శాతం లెక్క మార్చండి. ఇప్పుడున్న పద్ధతిలో పెట్రోల్ అసలు రేటు పది రూపాయలు పెరిగితే రాష్ట్రానికి ఏమీ చేయకుండానే 3 రూపాయల 10 పైసలు అదనంగా వస్తుంది. మాకు కష్టం వచ్చినప్పుడు మీకు ఆదాయం పెరగడం అన్నమాట. తమిళనాడు 2020లోనే కొంత శాతం, కొంత లీటరుకి ఇంత అని మార్చుకుంది, ఇప్పుడు పెట్రోల్ మీద 13 శాతం, లీటరుకి 11 రూపాయల 52 పైసలు. మనం కూడా లీటరుకి ఇంత అని గట్టిగా ఒక అంకె పెట్టుకుంటే క్రూడ్ ఎగిరినప్పుడు పన్ను ఎగరదు, పడినప్పుడు మీకు నష్టం రాదు.

5. కేంద్రం ఒక రూల్ రాసి పెట్టాలి. క్రూడ్ ఇంత దాటితే ఎక్సైజ్ ఇంత తగ్గుతుంది, ఇంత కన్నా దిగితే బంకు రేటు ఇన్ని రోజుల్లో ఇంత దిగుతుంది అని. ఎలక్షన్ తేదీలతో సంబంధం లేకుండా ఆ రూల్ నడవాలి. అదనపు ఎక్సైజ్, సెస్సులని బేసిక్‌లోకి మార్చి రాష్ట్రాలతో పంచుకోండి, అప్పుడు రాష్ట్రాలకి సాకు ఉండదు.

6. జీఎస్టీ. పెట్రోల్, డీజిల్‌ని ఏ తేదీ నుంచి జీఎస్టీలోకి తేవాలో కౌన్సిల్ సిఫార్సు చేయాలని రాజ్యాంగంలోనే ఉంది, 279ఏ అధికరణం. 2021 సెప్టెంబర్‌లో లక్నో మీటింగ్‌లో మాట్లాడి ఇది సమయం కాదని పక్కన పెట్టారు. మరి సమయం ఎప్పుడో చెప్పండి. ఒకేసారి అన్నీ కష్టమైతే ముందు సహజవాయువుతో మొదలుపెట్టండి, కేజీ బేసిన్ గ్యాస్ మీద దేశమంతా ఒకటే పన్ను ఉంటే సీఎన్‌జీ బండ్లు వాటంతటవే పెరుగుతాయి, మా జిల్లాల్లో స్టేషన్లు కూడా వస్తాయి.

7. ఆటోలకి, చిన్న గూడ్స్ బండ్లకి, చిన్న బోట్లకి ఏడాదికోసారి ఖాతాలో వేసి సభ పెట్టే బదులు నెలకి ఇన్ని లీటర్ల దాకా రాష్ట్రం పన్ను సగం వెనక్కి ఇవ్వండి. బండి నంబరు, ఆధార్, బంకు బిల్లు అన్నీ మీ దగ్గర ఉన్నాయి, టెక్నాలజీలో మనమే ముందున్నామని ముఖ్యమంత్రి గారు ఎప్పుడూ చెప్తారు కదా, వాట్సాప్‌లో సర్టిఫికెట్లు ఇస్తున్న రాష్ట్రంలో ఇదేం పెద్ద పని కాదు.

8. పాత బండ్ల కోసం ప్రతి మండలంలో కనీసం ఒక బంకులో తక్కువ ఇథనాల్ పెట్రోల్ మామూలు రేటుకే దొరికేలా చూడాలి.

వీటిలో మొదటిదీ మూడోదీ చేయడానికి ఢిల్లీ వెళ్ళక్కర్లేదు, కేబినెట్ కూడా అక్కర్లేదు, ఒక జీవో చాలు. రెండోది వచ్చే బడ్జెట్‌లో పెట్టొచ్చు. అవి కూడా చేయలేం అంటే ఎందుకు చేయలేరో కారణం రాసి ఇవ్వండి, సమస్య పరిష్కరించబడినది అని మాత్రం మెసేజ్ పెట్టకండి.

ఈ లేఖ కాపీలు మా ఎమ్మెల్యే గారికి, ఎంపీ గారికి కూడా ఇస్తున్నాం, అసెంబ్లీలో పార్లమెంట్‌లో ఇదే లెక్క అడగమని. లారీ ఓనర్లు, ఆటో యూనియన్ల వాళ్ళు, రైతులు, బోట్ల వాళ్ళు ఎవరైనా దీన్ని మీ పేరుతో మీ ఊరి లెక్కలు కలిపి పంపుకోవచ్చు, నా పేరు అవసరం లేదు. బడ్జెట్ సమావేశాల లోపు ఏ సమాధానం రాకపోతే మా జిల్లాలో బండ్ల వాళ్ళం అందరం మా డీజిల్ బిల్లుల వెనక మేమే పెన్నుతో పన్ను ఎంతో రాసి, కట్టలు కట్టి మీ నలుగురి ఆఫీసులకీ రిజిస్టర్ పోస్ట్ చేస్తాం.

ఇట్లు
ఒక చిన్న గూడ్స్ బండి యజమాని కమ్ డ్రైవర్,
అమలాపురం దగ్గర,
డాక్టర్ బీఆర్ అంబేద్కర్ కోనసీమ జిల్లా